కప్పు నుంచి గడప దాకా: ఒక ఎంఎక్స్-5 ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం

బండి ఇంటికి వచ్చింది. 1991 మోడల్ మజ్దా ఎంఎక్స్-5. మొదటి తరం, 1.6 లీటర్ల ఇంజిన్, పైకి లేచే హెడ్‌లైట్లు. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. గేర్లు చిన్నగా, గట్టిగా పడుతున్నాయి. టాప్, అంటే మడతపెట్టే గుడ్డ కప్పు, మాత్రం పూర్తిగా పోయింది. వెనక ప్లాస్టిక్ కిటికీ పచ్చబడి, మడత పడే చోట అడ్డంగా చీలింది. ఎడమ తలుపు పైన కుట్టు అరచెయ్యంత మేర విడిపోయింది.

నేను పెట్టుకున్న ప్రాజెక్టు ఒక్కటే. పాత టాప్ తీసి కొత్త టాప్ వెయ్యడం. రెండు వారాంతాల్లో అయిపోతుందని లెక్క వేసుకున్నాను.

సాయంత్రం సీట్ల వెనక కార్పెట్ మీద చెయ్యి పెట్టి చూస్తే తడిగా తగిలింది. వారం రోజులుగా వాన లేదు. బండి కడగనూ లేదు. ఆ తడి ఎక్కడిదో తేలేదాకా కొత్త టాప్‌కు ఆర్డర్ పెట్టకూడదని ఆగాను.

ఆదివారం

సీట్లు రెండూ, వెనక కార్పెట్ తీసేశాను. కార్పెట్ కింద దట్టమైన స్పాంజ్ ఉంది. దాన్ని పిండితే సగం మగ్గు నీళ్ళు వచ్చాయి.

ఈ బండి టాప్‌లో నీళ్ళు ఎలా పోతాయో ఇవాళే సరిగ్గా అర్థమైంది. గుడ్డ టాప్ వెనక అంచు బాడీకి నీళ్ళు చొరనంత గట్టిగా అతుక్కుని ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలా ఉండదు. టాప్ మీద పడిన వాన వెనక్కి జారి, బాడీ అంచు దాటి లోపలికే వస్తుంది. అక్కడ టాప్ కింద ప్లాస్టిక్ పట్టీ ఒకటి దోనెలా ఉంటుంది, దాన్ని రెయిన్ రైల్ అంటారు. నీళ్ళు ఆ దోనెలో రెండు మూలలకూ పారి, సీటు బెల్టు స్తంభాల వెనకున్న గొట్టాల్లోకి దిగి, వెనక చక్రాలకు కాస్త ముందు బండి కిందికి కారిపోతాయి. అంటే వాన పడిన ప్రతిసారీ నీళ్ళు బాడీ లోపలి నుంచే ప్రయాణిస్తాయి. గొట్టాలు శుభ్రంగా ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ లేదు. మూసుకుపోతే మాత్రం దోనె నిండి, పొర్లి, దారి దొరికిన చోటికల్లా వెళ్తాయి.

లీటరు సీసాతో నీళ్ళు పోసి చూశాను. ఎడమ వైపు నెమ్మదిగా దిగాయి. కుడి వైపు గొట్టం నోటి దగ్గరే నిలబడిపోయాయి.

ఇనప చువ్వ పెట్టి పొడుద్దామనుకుంటుంటే బాబాయ్ ఫోన్‌లో ఆపాడు. "చువ్వ పెట్టకు రా. గొట్టం చిల్లు పడుతుంది, లేదా కింద ఊడిపోతుంది. అప్పుడు నీళ్ళు పోయే దారే ఉండదు." కంప్రెసర్ గాలి కూడా వద్దన్నాడు, దానికీ గొట్టం ఊడొచ్చట. గడ్డి కోసే యంత్రంలో వాడే మందపాటి నైలాన్ తీగ తీసుకుని, కొన గుండ్రంగా ఉండేలా కాల్చి, మెల్లగా తిప్పుతూ దింపాను. ముప్పావు గంట పట్టింది. మొదట నల్లటి బురద వచ్చింది, తర్వాత కుళ్ళిన ఆకులు. చివరకు ఒక్కసారిగా నీళ్ళు దిగిపోయిన చప్పుడు. ఆ చప్పుడు విన్నప్పుడు కలిగిన సంతోషం ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు కూడా కలగలేదు.

ఆ తర్వాతే అసలు ప్రశ్న వచ్చింది. ఈ గొట్టం మూసుకుపోయి ఎన్నేళ్ళయిందో. అన్నేళ్ళ వాన ఎటు పోయినట్టు?

కుడి తలుపు తెరిచి కింద చూశాను. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే పెట్టెలాంటి రేకును సిల్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే బండికి గడప. బయటికి రంగు బాగానే ఉంది. వెనక చక్రం దగ్గర చిన్న పొక్కు మాత్రం కనిపించింది. స్క్రూడ్రైవర్ కొనతో నొక్కితే అట్టముక్కలోకి దిగినట్టు రెండు అంగుళాలు దిగిపోయింది.

ఆదివారం రాత్రి

నిద్ర పట్టలేదు, అందుకే రాసుకుంటున్నాను.

మామూలు కారులో గడప కొంచెం తుప్పు పడితే బాధగా ఉంటుంది, అంతవరకే. కన్వర్టిబుల్‌లో, అంటే కప్పు మడిచేసే కారులో, అది వెన్నెముక. చెప్పుల అట్టపెట్టె మూత పెట్టి మెలి తిప్పి చూస్తే బిగుసుకుని ఉంటుంది. మూత తీసి తిప్పితే ఇట్టే మెలిపడుతుంది. కారు బాడీ కూడా అంతే. పైకప్పు, దాన్ని మోసే స్తంభాలు కలిసి పెట్టెను మూస్తాయి. ఆ కప్పు తీసేస్తే మిగిలిన బరువంతా, మెలితిప్పే బలమంతా నేల రేకు, మధ్యలో పొడుగ్గా సాగే సొరంగం లాంటి రేకు, రెండు గడపలు పంచుకోవాలి. అందుకే మూసిన కారును కన్వర్టిబుల్‌గా మార్చేటప్పుడు కంపెనీలు గడపలకు, నేలకు అదనంగా రేకులు వేస్తాయి. పైకప్పు తీసేసినా బండి బరువు తగ్గకపోవడానికి, చాలాసార్లు పెరగడానికి కారణం ఇదే. ఎంఎక్స్-5ను మొదటి నుంచీ కప్పు లేని బండిగానే గీశారు కాబట్టి ఆ బలం పుట్టుకలోనే ఉంది. అయినా గడప లేకపోతే ఏ గీతా నిలబడదు.

ఈ సంగతి కార్ల వాళ్ళకు చాలా ముందే తెలుసు. లాన్సియా లాంబ్డా 1922లో వచ్చింది. అది కప్పు లేని కారే, కానీ విడిగా ఛాసిస్ (కింది చట్రం) లేకుండా బాడీనే ఛాసిస్‌గా వాడారు. దాని పక్క గోడలు లోతుగా ఉండటానికి కారణం అదే, బలమంతా ఆ గోడల్లోనే ఉంది. 1968 కార్వెట్‌లో పైన రెండు పలకలు తీసేసినా మధ్యలో అద్దం నుంచి వెనకదాకా ఒక దూలం వదిలేశారు. అది లేకపోతే బాడీ ఊగిపోయింది. టీ-టాప్ అనే పేరు ఆ దూలం ఆకారం వల్లే వచ్చింది. 1970లో వచ్చిన ట్రయంఫ్ స్టాగ్‌లో కూడా తల మీద టీ ఆకారపు కమ్మీ ఉంటుంది. చూసేవాళ్ళు అలంకారమనో, బండి బోల్తా పడితే కాపాడడానికనో అనుకుంటారు. దాని పనిలో సగం అద్దం ఫ్రేము వణకకుండా పట్టుకోవడం.

నా బండిలో గుడ్డ కప్పు మీద పడిన నీళ్ళు, ఇనప కప్పు లేని లోటును తీర్చాల్సిన గడపనే తినేశాయి. ఇక ఇది టాప్ మార్చే ప్రాజెక్టు కాదు.

రెండో వారం

బాబాయ్ వచ్చాడు. ముప్పై ఏళ్ళు టింకరింగ్ పని చేసిన మనిషి. బండి చుట్టూ ఒకసారి తిరిగి, కుడి తలుపు దగ్గర కూర్చుని, తలుపు అంచుకూ బాడీకీ మధ్య సందు చూశాడు.

"కొలిచావా?"

"లేదు బాబాయ్."

"ముందు అది కొలువు. గ్రైండర్ తర్వాత."

ఎడమ తలుపు వెనక అంచున సందు పైనా కిందా 5 మిల్లీమీటర్లే. కుడి తలుపుకు పైన 3, కింద 6. అంటే కుడి గడప నీరసించి బండి నడుం కొంచెం కిందికి జారింది. అందుకే తలుపు గూడు పైభాగం బిగుసుకుంటోంది. ఈ స్థితిలో గడప కోసి కొత్త రేకు వెల్డింగ్ చేస్తే ఆ వంకర శాశ్వతంగా ఉండిపోతుంది. తలుపు ఎప్పటికీ సరిగ్గా పడదు.

ఈ పని చేయబోయేవాళ్ళు ఎవరైనా నా డైరీలో ఒక్కటే చదువుతానంటే ఈ భాగం చదవమంటాను.

ముందూ వెనకా సబ్‌ఫ్రేముల (బాడీకి కింద బిగించే గట్టి చట్రాల) కింద స్టాండ్లు పెట్టాం. గడప కింద ఏదీ పెట్టలేదు, కోసేది దాన్నే కాబట్టి. నేల కింద పొడుగ్గా సాగే ఇనప పట్టె కింద మందపాటి చెక్క పెట్టి, దాని కింద జాకీ ఉంచి, కొంచెం కొంచెంగా పైకెత్తాం. ప్రతిసారీ తలుపు వేసి సందు చూశాం. పైన 4.5, కింద 5 వచ్చాక ఆపాడు బాబాయ్. తలుపు గూడు ఐమూలలు రెండూ టేపుతో కొలిచి గోడ మీద రాశాను. తర్వాత తలుపు విప్పి, కీలు బోల్టుల రంధ్రాల నుంచి అటువైపు తాళం కొక్కెం రంధ్రాల దాకా చదరపు పైపుతో ఒక దూలం బిగించాం. మధ్యలో మర ఉన్న ముక్క పెట్టాం, పొడవు సర్దుకోవడానికి. బిగించాక ఐమూలలు మళ్ళీ కొలిచాం. గోడ మీదున్న అంకెలే వచ్చాయి.

అప్పటికి చీకటి పడింది. రేకు ఇంకా ముట్టుకోలేదు. నాకు తొందరగా ఉంది, ఆయన మాత్రం సగం పని అయిపోయినట్టే మాట్లాడాడు. ఆయన మాటే నిజమని తర్వాత తెలిసింది.

మూడో వారం

కోశాం.

కోయడానికి ముందు డిక్కీలో ఉన్న బ్యాటరీ తీసేశాం. ఈ బండిలో బ్యాటరీ అక్కడే ఉంటుంది. పెట్రోలు ట్యాంకు సీట్ల వెనకే, మేం వెల్డింగ్ చేసే చోటికి చెయ్యి చాచేంత దూరంలో ఉంది. అందుకని ట్యాంకు ఖాళీ చేసి పూర్తిగా దింపేశాం. తడి దుప్పటి కప్పితే చాలు కదా అని అడిగాను. బాబాయ్ ఒక్క మాట కూడా అనకుండా పానా నా చేతిలో పెట్టాడు.

బయటి రేకు వెనక నలభై సెంటీమీటర్లు కోసి తీస్తే లోపల ఆకుల మట్టి గుప్పెళ్ళకొద్దీ ఉంది. లోపలి రేకుకు కూడా అడుగున తుప్పు ఎక్కింది. చెడిన చోటుకు సరిగ్గా గీత గీసి కోస్తే లాభం లేదు. గీతకు అటువైపు రేకు గోరుతో నొక్కితే గట్టిగా ఉన్నా, గ్రైండర్ పెడితే నిప్పురవ్వల రంగు మారి పల్చబడింది. మెరిసే రేకు తగిలేదాకా వెనక్కి వెనక్కి కోస్తూ పోయాం. నలభై కాస్తా అరవై అయింది.

లోపలి రేకుకు ముందు అట్టతో నమూనా కత్తిరించాం. అట్ట సరిపోయాకే 1 మిల్లీమీటరు రేకు మీద పెట్టి కోశాం. రెండు రేకులు కలిసే చోట జింకు ప్రైమర్ పూశాం. టాకాలు (వెల్డింగ్ చుక్కలు) మూడు సెంటీమీటర్లకు ఒకటి. అది కూడా వరసగా కాదు. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, మధ్యలో ఒకటి. చేతితో ముట్టుకునేంత చల్లారాకే తర్వాతది. ఒకేచోట వేడి పెడితే పల్చటి రేకు ఉబ్బి అలలు తేలుతుంది. నేను వేసిన మొదటి నాలుగు టాకాల్లో రెండింటికి చిల్లు పడింది. ఆ ముక్క తీసేసి కొత్తది కోశాను. ఇలాంటి చోట పుట్టీ పూసి కప్పేస్తే నాకు మనసొప్పదు. ఈ బండిలో కూర్చునేది నా చెల్లి, మా అమ్మ.

నాలుగో వారం

బయటి రేకు కూడా పూర్తయింది. అతుకులు అరగదీసి, ప్రైమర్ వేసి, కింద రాళ్ళ దెబ్బ తట్టుకునే పూత వేశాను. గడప అడుగున ఉన్న నీళ్ళు పోయే చిన్న రంధ్రాలు పూతతో మూసుకుపోకుండా ముందే అగ్గిపుల్లలు గుచ్చి ఉంచాను. రంగు ఆరాక లోపలికి పొడవాటి గొట్టంతో మైనం కొట్టాను. కింది రంధ్రాల నుంచి అది బొట్టు బొట్టుగా కారేదాకా ఆపలేదు.

ఇక పరీక్ష. దూలం విప్పాం. తలుపు బిగించాం. జాకీ తీశాం. స్టాండ్లు తీసి బండిని చక్రాల మీదికి దించాం. సందు పైన 4.5, కింద 5. బాబాయ్ తలుపును రెండు వేళ్ళతో నెట్టాడు. తలుపు టక్ మని పడింది. "ఇప్పుడు కొనుక్కో నీ గుడ్డ" అన్నాడు.

ఎడమ గడప కూడా తెరిచి చూశాను. అక్కడ పైపై తుప్పే. గీకి, మైనం కొట్టాను.

ఐదో వారం

టాప్ వచ్చింది. నల్ల వినైల్, జిప్పుతో విడిపోయే ప్లాస్టిక్ కిటికీ, అసలు బండికి ఉన్నట్టే. గాజు కిటికీ ఉన్న టాప్‌లు కూడా దొరుకుతాయి. 1998లో వచ్చిన రెండో తరానికి కంపెనీయే గాజు ఇచ్చింది. గాజుకు గీతలు పడవు, వేడి తీగలతో ఆవిరి కూడా పోతుంది. అయినా నేను ప్లాస్టిక్కే తీసుకున్నాను. జిప్పు విప్పితే కిటికీ చదునుగా పడుకుంటుంది, టాప్ పైకే ఉంచి గాలి ఆడించుకోవచ్చు. దానికి ఒక నియమం ఉంది. టాప్ దించే ముందు జిప్పు విప్పి కిటికీని పడుకోబెట్టాలి. చలిలో ప్లాస్టిక్ పెళుసుగా ఉన్నప్పుడు అసలు మడవకూడదు. పాత కిటికీ చీలింది జిప్పు విప్పకుండా మడవడం వల్లే.

ఈ జిప్పు కిటికీ పోర్షేలో కూడా ఉండేది. 1965లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించిన 911 టార్గాలో తల మీద వెడల్పాటి స్టీలు కమ్మీ, ముందు తీసే పలక, వెనక జిప్పు ఉన్న మెత్తటి ప్లాస్టిక్ కిటికీ ఉన్నాయి. తర్వాతే గాజు వచ్చింది. కన్వర్టిబుళ్ళను అమెరికాలో భద్రత నియమాలు ఆపేస్తాయేమోనన్న భయం ఆ కమ్మీకి ఒక కారణం.

పాత టాప్ విప్పుతుంటే చెల్లి వచ్చి పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, దీన్ని కొందరు రోడ్‌స్టర్ అంటారు, కొందరు కన్వర్టిబుల్ అంటారు. ఏది కరెక్ట్?"

రెండూ నడుస్తాయని చెప్పాను. పాత అర్థంలో రోడ్‌స్టర్ అంటే రెండు సీట్ల తేలికపాటి బండి. కప్పు ఊడదీసి పక్కన పెట్టేది, తలుపులకు దించే అద్దాలు కూడా ఉండవు. కన్వర్టిబుల్ అంటే కప్పు బండితోనే మడతపడేది, అద్దాలు పైకి కిందికి తిరిగేది. ఆ లెక్కన ఇది కన్వర్టిబుల్. కానీ ఇప్పుడు రెండు సీట్లు, కప్పు లేని స్పోర్ట్స్ కారును రోడ్‌స్టర్ అనడం అలవాటైపోయింది. జపాన్‌లో దీని పేరే యూనోస్ రోడ్‌స్టర్. యూరప్‌లో కాబ్రియొలే అంటారు, అది ఒంటి గుర్రం బండి పేరు. ఇటలీ వాళ్ళు స్పైడర్ అంటారు. వెనక సీట్ల మీద మాత్రమే కప్పు తెరుచుకుంటే లాండొలెట్. చాలా పేర్లు గుర్రం బండ్ల నుంచి వచ్చినవే. మొదట్లో కార్లు ఎక్కువగా తెరిచి ఉండేవే కాబట్టి అది సహజం. 1920లు ముగిసేసరికి మూసిన బాడీ మామూలైంది, తెరిచిన కారు సరదాకు మిగిలింది.

"మరి ఇనప కప్పు మడతపెట్టేవి ఉంటాయి కదా?" అంది. ఉంటాయి. పెజో 1930ల్లోనే చేసింది. ఫోర్డ్ స్కైలైనర్ 1957 నుంచి 1959 దాకా వచ్చింది, కప్పు మొత్తం డిక్కీలోకి వెళ్ళేది. 1996లో మెర్సిడెస్ ఎస్ఎల్‌కే వచ్చాక మళ్ళీ అందరూ దాని వెంట పడ్డారు. నాకు గుడ్డే ఇష్టం. సీట్లో కూర్చునే ఒక చేత్తో వెనక్కి వేసేయొచ్చు, మోటారు అక్కర్లేదు.

పని మాటకు వస్తే, ముందు అంచు రివెట్లు డ్రిల్లుతో తీశాను. వెనక రెయిన్ రైల్‌ను పట్టుకునే స్టీలు పట్టీలకు వరసగా 10 మిల్లీమీటర్ల నట్లు ఉన్నాయి. వేళ్ళు దూరని చోట నాలుగు. ఆ నాలుగింటికే గంట పట్టింది. పాత రెయిన్ రైల్ కుడి మూలలో పగిలి ఉంది. కొత్తది వేశాను. పాతదాన్నే కొత్త గుడ్డకు తగిలించి ఉంటే ఈ శ్రమంతా వృథా అయ్యేది.

ఆరో వారం

కొత్త టాప్‌ను పొద్దున రెండు గంటలు ఎండలో పరిచాను. పెట్టెలో మడతలు పడి బిగుసుకున్న వినైల్ మెత్తబడాలి. గుడ్డ మధ్యకు, ముందు కమ్మీ మధ్యకు సుద్దతో గీతలు పెట్టి కలిపాను. వెనక నుంచి మొదలుపెట్టాలి. ముందు రెయిన్ రైల్, తర్వాత పక్కల తీగలు, ఆఖరున ముందు అంచు. పక్కల తీగలు తలుపు అద్దాల మీద గుడ్డను లాగి పట్టుకుంటాయి. వాటిని మర్చిపోతే వేగంలో టాప్ గాలికి ఉబ్బుతుంది.

ముందు అంచు దగ్గర జిగురు పెట్టకుండా క్లిప్పులతోనే బిగించి టాప్ వేసి చూశాను. కిటికీ చుట్టూ ముడతలు. సెంటీమీటరు ముందుకు లాగాను. ముడతలు పోయాయి, కానీ కొక్కేలు అందలేదు. అర సెంటీమీటరు వదిలాను. బలంగా లాగితే కుడి కొక్కెం పడింది, ఎడమది కూడా పడింది. గుడ్డ కొత్తది కాబట్టి కొంచెం బిగువుగానే ఉండాలి, కొన్నాళ్ళకు సాగుతుంది. అప్పుడు జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ వెళ్ళాను. రివెట్లు కొట్టి, రబ్బరు పట్టీలు వేసి, టాప్ మూసి రెండు రోజులు అలాగే వదిలేశాను.

బుధవారం మొదటిసారి రోడ్డు మీదికి తీశాను. గతుకుల రోడ్డు మీద లోపలి అద్దం వణుకుతుందేమోనని దాన్నే చూస్తూ నడిపాను. కొద్దిగా వణికింది, కప్పు లేని బండికి ఆ మాత్రం ఉంటుంది. కొన్న రోజున కుడి తలుపు నుంచి వచ్చిన కిర్రు ఇప్పుడు లేదు.

శుక్రవారం రాత్రి

వాన మొదలైంది. కార్పెట్ ఇంకా వెయ్యలేదు, ఖాళీ రేకు మీద పాత తువ్వాళ్ళు రెండు పరిచి ఉంచాను. పదిన్నరకు టార్చి పట్టుకుని వెళ్ళాను. తువ్వాళ్ళు పొడిగా ఉన్నాయి. నేల మీద పడుకుని వెనక చక్రాల ముందు వెలుతురు వేశాను. కుడి గొట్టం నుంచి సన్నటి ధార ఆగకుండా కారుతోంది. ఎడమ గొట్టం నుంచి బొట్లు, మధ్యమధ్య ఆగుతూ. నైలాన్ తీగ ఇంకా బల్ల మీదే ఉంది. రేపు పొద్దున ఎడమది మళ్ళీ శుభ్రం చేస్తాను.